లివర్ జబ్బులో కండ కరిగిపోకుండా: రాత్రి తిండి నుంచి కుర్చీ వ్యాయామం దాకా

మా మామయ్య చేతి గడియారం ఎప్పుడూ మణికట్టు మీద బిగుతుగా ఉండేది. ఆ ఏడాది వేసవికి అది మోచేతి వైపు జారడం మొదలైంది. బెల్టు మాత్రం రెండు కన్నాలు వదులు చేయాల్సి వచ్చింది. కాటా మీద నిలబెడితే 66 కిలోలు, అంటే అంతకుముందు ఏడాదికంటే 2 కిలోలు ఎక్కువే. "కాస్త ఒళ్ళు చేశారు అన్నయ్యగారు" అని పక్కింటి పిన్నిగారు సంతోషించింది కూడా. పెరుగుతున్నది ఒళ్ళు కాదు, పొట్టలో నీరు. ఆ నీటి చాటున తొడలూ భుజాలూ కరిగిపోతున్నాయని మాకు అర్థం కావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

మామయ్య పెరంబూరు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మాది నెల్లూరు, ఇప్పుడు చెన్నైలో వెస్ట్ మాంబళంలో ఉంటున్నాం. ఆయనకు వచ్చింది షుగరు, ఫ్యాటీ లివర్ మీదుగా సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడిపోవడం. జీవితంలో చుక్క ముట్టని మనిషి, అయినా చూడడానికి వచ్చిన ప్రతి చుట్టమూ "పూర్వం ఏమైనా అలవాటుందా?" అని గుసగుసగా అడిగి వెళ్ళినవాళ్ళే. ఆ కోపం సంగతి అలా ఉంచి, ఈ రెండేళ్ళలో డాక్టర్ల దగ్గర, డైటీషియన్ దగ్గర, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని ఇంట్లో అమలు చేసింది వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది సిర్రోసిస్ ఉన్నవాళ్ళకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు. స్కానింగులో మొదటి దశ ఫ్యాటీ లివర్ అని వచ్చి, బరువు తగ్గమన్నవాళ్ళు ఇందులో చెప్పే రాత్రి తిండి మొదలుపెట్టకండి. మీ దారి వేరు.

కండకూ లివర్‌కూ ఏమిటి సంబంధం

మనం పగలు తిన్న పిండిపదార్థంలో కొంత లివర్ గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతుంటే ఆ నిల్వ కొద్దికొద్దిగా తీసి మెదడుకూ మిగతా ఒంటికీ పంపుతుంది. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి, దాచుకునే చోటు తగ్గిపోతుంది. రాత్రి కొంత గడిచేసరికే కొట్టుగది ఖాళీ. అప్పుడు శరీరం కండను కరిగించి, అందులోని అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో జరిగేది, సిర్రోసిస్ ఉన్న మనిషికి ఒక్క రాత్రిలో జరుగుతుంది. రాత్రి 8కి తిని మర్నాడు 9కి టిఫిన్ చేసే ఇంట్లో, అలాంటి పస్తు రోజూ ఉన్నట్టే లెక్క.

రెండో సంబంధం అమోనియా, ప్రొటీన్ అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే విషపదార్థం. దాన్ని శుద్ధిచేసే పని లివర్‌ది. లివర్ చేయలేకపోతే ఆ పనిలో కొంత కండ నెత్తిన వేసుకుంటుంది. కండ తగ్గితే ఆ సాయమూ పోతుంది, మగత, తికమక ఎక్కువవుతాయి. అందుకే కండను బలానికి మాత్రమే కాదు, బుర్రకు కూడా కాపాడుకోవాలి.

మొదటి మెట్టు: కాటాను నమ్మకండి, కుర్చీని నమ్మండి

నీరు చేరిన ఒంట్లో బరువు చూసి ఏమీ చెప్పలేం. ఇంట్లోనే చేసుకునే పరీక్షలు రెండు.

చేతుల్లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే నున్నటి టైల్స్ మీద జారుతుంది, గోడ తప్పనిసరి. చేతులు గుండెల మీద కట్టుకుని, ఆపకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. ఫోన్‌లో టైమ్ చూడండి. ఆసియా వాళ్ళ కోసం 2019లో నిపుణులు పెట్టిన కొలత ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ళ సత్తువ తగ్గినట్టు. మామయ్యకు మొదటిసారి 19 సెకన్లు పట్టింది, అదీ ఐదోసారి తొడ మీద చెయ్యి వేసి లేచారు. రెండోది నిలకడ. పాదాలు పక్కపక్కన పెట్టి 10 సెకన్లు, ఒకటి సగం ముందుకు పెట్టి 10 సెకన్లు, ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు పెట్టి 10 సెకన్లు. పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి.

హాస్పిటల్లో అయితే చేతిపట్టు కూడా కొలుస్తారు. మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలకంటే తక్కువైతే పట్టు తగ్గిందని అర్థం. ఇంట్లో ఆ పరికరం ఉండదు కాబట్టి మేం పట్టించుకోలేదు. మామయ్య ఊరగాయ జాడీ మూత తీయలేకపోయిన రోజే మాకు తెలిసిపోయింది. (జాడీ ఆయనకు ఇవ్వకూడదు, ఆ సంగతి తర్వాత.)

నెలకోసారి ఈ అంకెలు గోడ మీది డైలీ షీట్ క్యాలెండర్ చీటీ వెనక రాసి దాచేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ చీటీలే మాట్లాడేవి.

రెండో మెట్టు: నీరు తీసేసిన బరువు లెక్క

ఎంత తినాలో చెప్పే లెక్కలన్నీ బరువును బట్టే. నీటి బరువు కూడా కలిపేస్తే లెక్క తప్పుతుంది. డైటీషియన్లు వాడే అంచనా ఇది: పొట్టలో నీరు కొద్దిగా ఉంటే బరువులో 5 శాతం, ఓ మోస్తరుగా ఉంటే 10 శాతం, బాగా ఎక్కువుంటే 15 శాతం తీసేయాలి. రెండు కాళ్ళూ వాచి ఉంటే ఇంకో 5 శాతం.

మామయ్యకు ఓ మోస్తరు నీరు, కాళ్ళ వాపు. 66లో 15 శాతం పోతే 56 కిలోలు. అంటే ఒళ్ళు చేసిన మనిషి కాదు, ఏడాదిలో దాదాపు 8 కిలోలు పోగొట్టుకున్న మనిషి. ఆ లెక్క కాగితం మీద చూశాక ఇంట్లో ఎవరికీ కాఫీ సయించలేదు.

స్థూలకాయం లేనివాళ్ళకు కిలోకు రోజుకు కనీసం 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అని యూరప్ లివర్ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 56 కిలోలకు దాదాపు 1960 కేలరీలు, 67 నుంచి 84 గ్రాముల ప్రొటీన్. స్థూలకాయం ఉన్నవాళ్ళకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు ఈ లెక్క మారుతుంది, డైటీషియన్ చేతే వేయించుకోండి.

మూడో మెట్టు: పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. జబ్బు తెలియగానే ఇంట్లో పప్పు బంద్, గుడ్డు బంద్, పెరుగు పల్చటి మజ్జిగ అయింది. "లివర్‌కు బరువు పడుతుంది" అన్నది అత్తయ్య భయం. ఒక క్లినిక్‌లో చేతికిచ్చిన పాత జిరాక్స్ చీటీలోనూ ప్రొటీన్ తగ్గించమనే ఉంది. మూడు నెలలు గంజి, బ్రెడ్డు, బార్లీ నీళ్ళు. గడియారం జారింది అప్పుడే.

ప్రొటీన్ తింటే అమోనియా పెరిగి మెదడుకు ఎక్కుతుందన్నది పాతకాలపు జాగ్రత్త. మామూలు మోతాదులో ప్రొటీన్ ఇచ్చినా తికమక ఎక్కువ కాదని 2004లోనే ఒక పరీక్షలో తేలింది. ఇప్పుడు మగత వచ్చిన రోగికి కూడా ప్రొటీన్ ఆపమనరు. మాంసం పడనివాళ్ళకు పప్పులు, పాలు, పెరుగు బాగా సరిపడతాయి. ఒక రకంగా మన వంటింటికి కలిసొచ్చిన అదృష్టమిది.

హాస్పిటల్ డైటీషియన్ తమిళావిడ. మా చీటీ చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "పట్టిని పోడాదీంగ" అంది. పస్తు పెట్టకండి అని. ఆ ఒక్క మాట ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించాం.

మెలకువగా ఉన్న వేళ 3, 4 గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదు. ఒక్కో పూట తక్కువైనా పరవాలేదు, పూటలు ఎక్కువ కావాలి. నీరు చేరిన పొట్టలో పెద్ద భోజనానికి చోటూ ఉండదు, రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. ఏకాదశులు, శనివారాలు, కార్తీక సోమవారాలు ఇక లేవని మామయ్యకు నచ్చజెప్పడం ఒక పెద్ద పని. చివరికి గుడి పూజారిగారే చెప్పాల్సి వచ్చింది.

నాలుగో మెట్టు: రాత్రి 10 గంటల గిన్నె

ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి.

పడుకునే ముందు దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం, దానితో కాస్త ప్రొటీన్. న్యూజిలాండ్‌లో 2008లో వచ్చిన ఒక పరీక్షలో, ఒకే రకమైన పోషక పానీయాన్ని కొందరికి పగలు, కొందరికి రాత్రి పడుకునే ముందు ఏడాది పాటు ఇచ్చారు. రాత్రి తాగినవాళ్ళకే ఒంట్లో ప్రొటీన్ పెరిగింది. తిండి అదే, వేళ మారింది.

అదేదో డబ్బా కొనక్కర్లేదు. మా ఇంట్లో తిరిగినవి ఇవి. ఓ కప్పు పెరుగన్నం, అంటే వండిన అన్నం 150 గ్రాములు, గట్టి పెరుగు 100 గ్రాములు, పోపులో ఉప్పు లేకుండా. 30 గ్రాముల రాగిపిండి పాలతో కాచిన జావ, పక్కన ఒక చపాతీ. రెండు బ్రెడ్డు ముక్కలు, గ్లాసు పాలు, చిన్న అరటిపండు. ఇక్కడి సత్తుమావు, అంటే ధాన్యాలూ పప్పులూ వేయించి పట్టించిన పిండి, అదీ మంచిదే, ఇంట్లో వేయించి పట్టించుకుంటే చక్కెర కలపని సరుకు మన చేతిలో ఉంటుంది. అందులో పుట్నాలు కాస్త ఎక్కువ వేయిస్తే ప్రొటీన్ పెరుగుతుంది. చెన్నై కొట్లలో పొట్టుక్కడలై అని అడగాలి.

షుగరు ఉన్నవాళ్ళు బెల్లం, చక్కెర, అరటిపండు వదిలి, పాలు, చపాతీ, పుట్నాల వైపు వెళ్ళండి. రాత్రి తిండి మొదలుపెట్టే ముందు ఇన్సులిన్, మాత్రల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. మామయ్యకు పొద్దుటి షుగరు మొదటి వారం పెరిగింది, మందు సర్దాక సరిపోయింది. పెరిగిందని గిన్నె ఆపేయడం తప్పుదారి.

మొదటి రాత్రి మామయ్య గిన్నె వంక చూసి, "అర్ధరాత్రి అన్నమేమిటమ్మాయ్, దొంగలూ దెయ్యాలూ తినే వేళ!" అన్నారు. నాలుగు ముద్దలు తిన్నారు. రెండో వారానికి సగం గిన్నె. బలవంతపెట్టకుండా, మాత్రల డబ్బాతో పాటు అదే పళ్ళెంలో పెట్టేదాన్ని. మందుగా చూస్తే తినేశారు, తిండిగా చూస్తే వద్దన్నారు.

తెల్లారి లేచిన గంటలోపే ఏదో ఒకటి పడాలి. రాత్రి పస్తును రెండు వైపుల నుంచీ కుదించడమన్నమాట.

ఐదో మెట్టు: ప్రొటీన్ ఎక్కడినుంచి

వంటింట్లో తూకం వేసి చూస్తే ఆశ్చర్యపోతారు. ఒక గుడ్డుకు 6 గ్రాములు. గ్లాసు పాలకు 6 చిల్లర. 30 గ్రాముల పచ్చి కందిపప్పు లేదా పెసలకు 7. 30 గ్రాముల పుట్నాలకు 6. 50 గ్రాముల పనీర్‌కు 9 దాకా. సోయా ముక్కలు 30 గ్రాములకు 15. చేప, కోడి 100 గ్రాములకు 20కి అటూ ఇటూ. ఇడ్లీకి మాత్రం రెండే, కాబట్టి మూడు ఇడ్లీలు తిని ప్రొటీన్ తిన్నామనుకోకండి. పల్చటి చారుపప్పు, నీళ్ళ సాంబారు కూడా అంతే. గరిటె నిలబడేలా ముద్దపప్పు ఉండాలి.

మామయ్య రోజు ఇలా ఉంటుంది. పొద్దున 6కి గ్లాసు పాలు, అందులోనే ఫిల్టర్ డికాక్షన్. కాఫీ మానేయాలేమోనని బెంగపెట్టుకున్నారు గానీ, లివర్ జబ్బులో కాఫీ మేలే చేస్తుందని డాక్టరు చెప్పగానే ఆ రోజంతా ఆయన ముఖం వెలిగిపోయింది. 8కి రెండు పెసరట్లు, 60 గ్రాముల పెసలు పడతాయి. పదిన్నరకు పుట్నాలు. ఒంటిగంటకు అన్నం, ముద్దపప్పు, కూర, గట్టి పెరుగు. నాలుగింటికి గుగ్గిళ్ళు, మెరీనా దగ్గర సుండల్ అని అమ్మేది అదే, కాకపోతే ఇంట్లో ఉప్పు మన చేతిలో ఉంటుంది. ఏడున్నరకు రెండు చపాతీలు, గుడ్డు కూర లేదా పనీర్. పదికి గిన్నె. కూడితే 70 దాటుతుంది.

ఉప్పు గురించి కొంచెం

పొట్టలో నీరు ఉంటే రోజంతా కలిపి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక టీస్పూను. అవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బేకరీ సరుకు, ప్యాకెట్ సూపులు ఆ లెక్కను ఒక్క పూటలో దాటించేస్తాయి. నెల్లూరు మనిషికి అవకాయ లేదంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. అయితే ఉప్పు బొత్తిగా తీసేసి, చప్పిడి కూడు ముట్టుకోకుండా మనిషి సగం కడుపుతో లేచిపోతే అది ఇంకా నష్టం. నిమ్మరసం, వేయించిన జీలకర్ర, మిరియాలు, అల్లం, కొత్తిమీరతో లాక్కొచ్చాం.

తక్కువ సోడియం ఉప్పు అని కొట్లో అమ్మేది మాత్రం కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. నీరు తీయడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని అసలే పెంచుతుంది. ఆ మాత్ర మీద ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళ విషయం కూడా డాక్టరును అడిగే తాగాలి.

ఆరో మెట్టు: డబ్బాలు, సాచెట్లు, మాత్రలు

తిండితో లెక్క నిండకపోతేనే డబ్బా. ఆ వరస తప్పితే డబ్బు పోతుంది, కండ రాదు.

మామూలు ప్రొటీన్ పొడి కొనేటప్పుడు డబ్బా ముందువైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. ఒక చెంచాకు ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర, ఎంత సోడియం అన్నవే చూడాలి. పాల విరుగు నీటి నుంచి తీసే వే ప్రొటీన్ 30 గ్రాముల చెంచాకు 24 దాకా ఇస్తుంది. కొన్ని హెల్త్ డ్రింకులు అదే చెంచాకు అందులో సగం కూడా ఇవ్వవు, మిగతాదంతా తీపి పిండి. పైగా డబ్బా మీద రాసిందంతా నిజమనీ అనుకోకండి. 2024లో కేరళ డాక్టర్ల బృందం మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం వాటిలో ప్రొటీన్ గురించి రాసిన వివరం సరిగ్గా లేదు. మూలికలు కలిపిన పొడులను లివర్ రోగి దగ్గరికి రానివ్వకండి. జిమ్ కుర్రాళ్ళు వాడే మాస్ గెయినర్లూ అంతే.

బీసీఏఏ అన్నవి మూడు అమైనో ఆమ్లాలు: ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్. అమోనియాను శుద్ధిచేయడానికి కండ వీటిని ఖర్చుపెడుతుంది కాబట్టి సిర్రోసిస్‌లో రక్తంలో ఇవి తగ్గుతాయి. మగత మళ్ళీమళ్ళీ వచ్చేవాళ్ళకు మేలు చేస్తాయి, మోతాదు కిలోకు రోజుకు పావు గ్రాము అని చెబుతారు. కండ పెంచుతాయా అంటే పరీక్షల ఫలితాలు ఒక్కలా లేవు. నా అభిప్రాయం, డాక్టరు రాస్తే వాడండి, రాయకపోతే ఆ డబ్బుతో పనీర్, గుడ్లు, పాలు కొనండి. వాటిలోనూ ఈ మూడూ ఉన్నాయి. జిమ్ వాళ్ళు వాడే క్రియాటిన్ పొడి ఊసు వద్దు.

విటమిన్ డి పరీక్ష చేయించండి, ఈ జబ్బులో చాలామందికి తక్కువే ఉంటుంది. 20 నానోగ్రాములకంటే తగ్గితే, 30 దాటేదాకా ఇస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికోసారి. మా ఎదురింటాయన రోజూ ఒకటి వేసుకుని పది రోజులు గడిపాడు. చీటీ మీద రోజు పేరు రాయించుకోండి, "ఆదివారం" అని. జింకు, బి1 లోపం ఉంటే డాక్టరే ఇస్తారు. ఐరన్ మాత్రలు, విటమిన్ ఎ సొంతంగా మింగకండి, ఎక్కువైతే లివర్‌కే చేటు.

ఇక చుట్టాల వైద్యం. పచ్చకామెర్లకు పసరు పోసే ఊరు ప్రతి జిల్లాకూ ఒకటి ఉంటుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి డాక్టర్లు బయటపెట్టారు, తర్వాత ఇతర ఊళ్ళ నుంచీ వచ్చాయి. అశ్వగంధతోనూ అలాంటి కేసులున్నాయి. సహజమైనదే కదా అంటే గన్నేరూ సహజమైనదే.

ఏడో మెట్టు: వ్యాయామానికి ముందు డాక్టరును అడగాల్సినవి

ఎండోస్కోపీ చేశారా, ఆహారనాళంలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయా, వాటికి రబ్బరు బ్యాండ్లు వేసే బ్యాండింగ్ అయిందా? ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఇది మొదటి ప్రశ్న. బొడ్డు దగ్గర హెర్నియా ఉందా? ఉంటే పొట్ట బిగించే ఆసనాలు వద్దు. ప్లేట్‌లెట్లు ఎన్ని? తక్కువుంటే రక్తం త్వరగా గడ్డకట్టదు, పడిపోవడం మామూలు విషయం కాదు. ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వాడుతున్నారా? ఇవి గుండె వేగాన్ని అణచిపెడతాయి, చేతి వాచీలో నాడి చూసి కష్టం అంచనా వేయలేం.

అందుకే నోటిమాటే మీటరు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలిగితే నడక చాలదు, మాట తెగిపోతుంటే ఎక్కువైంది.

ఎనిమిదో మెట్టు: కుర్చీ, గోడ, నీళ్ళ సీసా

ఖాళీ కడుపుతో వద్దు. పాలు తాగిన గంటకు మొదలుపెట్టి, అయ్యాక టిఫిన్. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు సెలవు.

కుర్చీ నుంచి లేవడం అసలైన వ్యాయామం. లేచేటప్పుడు అంకె పైకి చెప్పాలి, "ఒకటీ... రెండూ..." అని. అంకె పలుకుతున్నంతసేపు ఊపిరి బిగబట్టడం కుదరదు, చిట్కా అంతే. మామయ్య అంకెల బదులు కేశవ నామాలు మొదలుపెట్టారు, అదీ బాగానే పనిచేసింది. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, కండకు సగం పని దిగడంలోనే ఉంది. మొదటి రెండు వారాలు ఐదేసి చొప్పున రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, పదిసార్లు. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాచి ఐదు లెక్కపెట్టడం, ఒక్కో కాలికి ఎనిమిది. గోడకు అడుగున్నర దూరంలో నిలబడి రెండు చేతులతో గోడను నెట్టడం, ఎనిమిది. అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేయి మడవడం, పది. తడిపిన చేతిగుడ్డను పిండడం పట్టు కోసం. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టదు.

మూడో వారం నుంచి విడతకు రెండేసి పెంచండి. పన్నెండు సులువుగా వస్తుంటే మూడో విడత, లేదా దిండు తీసేయడం, లేదా లీటరు సీసా. మూడూ ఒకేసారి వద్దు. మర్నాడు కండ తీపు పెడితే మంచిదే, కానీ నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. కిడ్నీకీ, రక్తస్రావానికీ ప్రమాదం. పారాసెటమాల్ కూడా రోజుకు 2 గ్రాములు దాటకూడదు, అదీ డాక్టరుకు చెప్పే.

నడక మిగతా రోజుల్లో. ఇప్పుడు ఎన్ని నిమిషాలు నడవగలరో అక్కడినుంచే మొదలు. మామయ్యకు అది 6 నిమిషాలు. వారానికి రెండు నిమిషాలు కలిపాం. వారానికి 150 నిమిషాలన్నది గమ్యమే గానీ గడువు కాదు. పానగల్ పార్కులో, మన పానగల్ రాజావారి పేరున్న పార్కులోనే, ఒక చుట్టు వేసి బెంచీ మీద కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఆ లేవడం కూడా లెక్కలోకే. చెన్నై ఎండల్లో పొద్దున ఆరున్నర దాటాక బయటికి తీసుకెళ్ళకండి. నీటి మాత్రల మీద ఉన్న మనిషికి చెమట ఎక్కువ పోతే కిడ్నీ, బుర్ర రెండూ ఇబ్బంది పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అపార్ట్‌మెంట్ కింద కార్ల మధ్యే మా నడక.

పిక్కలు పట్టేస్తే

సిర్రోసిస్‌లో రాత్రిపూట పిక్కలు పట్టేయడం చాలా మామూలు. పాదం వేళ్ళను మోకాలి వైపు లాగి పట్టుకోండి. తరచూ వస్తే నీటి మాత్రల మోతాదు, రక్తంలో లవణాలు చూడమనండి. అమెరికాలో 2022లో ఒక సరదా పరీక్ష వచ్చింది, పట్టేసిన వెంటనే దోసకాయ ఊరగాయ నీళ్ళు ఓ గుటక తాగితే నొప్పి తీవ్రత తగ్గిందని. ఇది విన్న మామయ్య అవకాయ జాడీ వైపు చూశారు. అది వెనిగర్ నీళ్ళు మామయ్యా, అవకాయ నూనె కాదు.

వెంటనే ఆపి హాస్పిటల్‌కు వెళ్ళాల్సినవి

రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, జ్వరంతో పొట్టనొప్పి, పడిపోయి తలకు దెబ్బ. వీటికి ఫోన్లు చేస్తూ కూర్చోకండి, ఆటో ఎక్కండి లేదా 108కి చేయండి. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతిరాత వంకరపోవడం, తెలిసిన మనుషుల పేర్లు తడబడడం మగత ముందు కనిపించే గుర్తులు. మగత రాకుండా ఇచ్చే లాక్టులోజ్ సిరప్ వాడేవాళ్ళకు రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అవుతున్నాయో లేదో చూడండి. ఈ గుర్తులు కనిపించిన రోజు వ్యాయామం లేదు, తిండి మాత్రం ఆగదు, డాక్టరుకు అదే రోజు చెప్పాలి. మింగడానికే తడబడేంత మగతగా ఉంటే నోట్లో ఏమీ పెట్టకుండా హాస్పిటల్‌కే.

హాస్పిటల్లో వారం ఉండి వస్తే కండ మళ్ళీ తగ్గి ఉంటుంది. పాత అంకెల దగ్గర మొదలుపెట్టకుండా సగానికి దిగండి. మామయ్యకు మధ్యలో ఒకసారి అలా అయింది. రెండు నెలల కష్టం పోయిందని ఆయన మంచం దిగలేదు, మళ్ళీ దిండు వేసి ఐదుతో మొదలుపెట్టాం.

మొన్న నెలాఖరు చీటీలో కుర్చీ అంకె 13. గడియారం ఇంకా కొంచెం జారుతూనే ఉంది, అదనపు కన్నం పొడిపించాం. రాత్రి పదికి నేను ఎప్పుడైనా టీవీ ముందు మర్చిపోతే, వంటింట్లోంచి స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టిన చప్పుడు వస్తుంది.